అందరూ నిజమే చెప్పారు: ఒక ఎడ్రినల్ కేసు, ఏనుగు కథ

34 ఏళ్ల మహిళ. పల్నాడు వైపు ఒక పల్లె. మిరప కోతలకు వెళ్తుంది. భర్త ఆటో నడుపుతాడు, ఇద్దరు పిల్లలు, ఇంట్లో అత్త. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఆమెను మా క్యాజువాలిటీకి మోసుకొచ్చారు. పొద్దుటి నుంచి వాంతులు. పిలిస్తే పలుకుతోంది గానీ మాట ముద్దగా వస్తోంది. పై బీపీ 70, కింది అంకె అందలేదు. నాడి 124. వేలి నుంచి తీసిన రక్తంలో షుగర్ 58. గ్లూకోజ్ ఇచ్చి, సెలైన్ మొదలుపెట్టారు. భర్త చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, దాని నిండా కాగితాలు.

ఈ కేసు రాస్తున్నది ఆ సంచి కోసమే. అందులో నాలుగు డయాగ్నోసిస్‌లు ఉన్నాయి, ఒక్కటీ అబద్ధం కాదు. అయినా ఆ సాయంత్రానికి ఆమె ప్రాణం మీదికి వచ్చింది. (గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. రాయడానికి ఆమె, భర్త ఇద్దరూ ఒప్పుకున్నారు.)

సంచిలో కాగితాలు

తొమ్మిది నెలల కథ అది. మొదట అన్నం సయించలేదు. తింటే వికారం, అప్పుడప్పుడు కడుపునొప్పి. ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్ పెట్టి, అందులో ఏదో ఇంజక్షన్ కలిపేవాడు. రెండు రోజులు లేచి తిరిగేది, మూడో రోజు మళ్లీ మంచం. పట్నం తీసుకెళ్తే గ్యాస్ట్రో డాక్టరు ఎండోస్కోపీ చేశారు. జీర్ణాశయం లోపలి పొర కొంచెం ఎర్రబడి ఉంది. గ్యాస్ట్రైటిస్ అని రాసి మాత్రలు ఇచ్చారు. ఫొటో ఉంది, నేనూ చూశాను, ఎర్రగానే ఉంది.

తర్వాత ముఖం, చేతులు నల్లబడ్డాయి. ఎండలో కోతలకు వెళ్లే మనిషి నల్లబడితే ఎవరికి అనుమానం వస్తుంది? చర్మ డాక్టరు మంగు అన్నారు, క్రీమ్ రాశారు, ఎండలో తిరగొద్దన్నారు. బుగ్గల మీద మంగు నిజంగానే ఉంది.

పని మానేసింది. ఎవరితోనూ మాట్లాడేది కాదు, పిల్లల మీద విసుగు, ఊరికే ఏడుపు. అత్త దృష్టిలో బద్ధకం. ఒక బంధువు సలహాతో సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లారు. డిప్రెషన్. ఎస్సిటాలోప్రామ్ మొదలుపెట్టారు. ఆయన చీటీ సంచి మొత్తంలోకి శ్రద్ధగా రాసినది. నెల తర్వాత రక్త పరీక్ష కూడా చేయించారు, సోడియం 127 వచ్చింది. ఈ రకం మాత్రలతో సోడియం తగ్గడం అందరికీ తెలిసిన సంగతే. అందుకని డోసు తగ్గించారు. సోడియం ఎందుకు తగ్గిందనే ప్రశ్నకు ఒక జవాబు దొరికింది, ఆ ప్రశ్న అక్కడితో ముగిసింది.

చివరిగా ఒక ఫిజీషియన్. నీరసం, జుట్టు రాలడం, నెలసరి తప్పడం చూసి థైరాయిడ్ పరీక్ష రాశారు. టీఎస్‌హెచ్ 8.6, అంటే కొంచెం ఎక్కువ. అది పెరిగితే థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని లెక్క. థైరాయిడ్ హార్మోన్ మాత్ర థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు రాశారు. అది మొదలుపెట్టిన రెండు వారాలకు మా దగ్గర తేలింది.

ఆ రాత్రి

డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్ కాగితాలన్నీ టేబుల్ మీద పరిచింది. డిపార్ట్‌మెంట్ల వారీగా కాకుండా తేదీల వారీగా. చిన్న పనే, కానీ ఆ తొమ్మిది నెలల్లో ఎవరూ చేయని పని. ఎందుకంటే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆ డాక్టరు కాగితాలే బయటికి తీసేవాళ్లు. మిగతావి సంచిలోనే ఉండేవి.

తేదీల వారీగా చూస్తే ముందు కనిపించింది బరువు. గ్యాస్ట్రో చీటీలో 56 కిలోలు, చర్మం చీటీలో 52, సైకియాట్రీలో 49, థైరాయిడ్‌లో 46. థైరాయిడ్ తక్కువైన మనిషి సన్నబడటమేంటి? మా వార్డులో తూకం 44.

అరచేతులు తెరిచి చూశాం. గీతలు నల్లగా ఉన్నాయి. చిగుళ్ల మీద, బుగ్గ లోపల నల్లటి మచ్చలు. పొట్ట మీద పాత ట్యూబెక్టమీ మచ్చ కూడా చుట్టుపక్కల చర్మం కన్నా నల్లగా ఉంది. చిగుళ్లకూ ట్యూబెక్టమీ మచ్చకూ ఎండ తగలదు. భర్తను ఆమె ఆధార్ కార్డు అడిగాం. ఆ ఫొటోకీ మంచం మీద మనిషికీ అక్కచెల్లెళ్ల పోలిక కూడా లేదు.

అప్పుడు అత్తను అడిగాను, ఇంట్లో ఏం తింటుందమ్మా అని. "ఏం తింటది సారూ, అన్నం ముట్టదు. మజ్జిగలో మాత్రం ఉప్పు గుప్పెడు ఏసుకుంటది. ఊరగాయ జాడీ అడుగు తేల్చింది. దిష్టి తగిలిందని చెప్తే ఎవరూ ఇనరు." తొమ్మిది నెలల్లో ఈ మాట ఆమెను అడిగిన వాళ్లు లేరు. ఆమెకూ అది చెప్పాల్సిన సంగతిగా తోచలేదు.

నల్లబడటం, సన్నబడటం, బీపీ పడిపోవడం, ఉప్పు మీద యావ. ఇన్నీ కలిసి ఉంటే కిడ్నీల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథుల గురించి ఆలోచించాలి. ఒక్కోటి నాలుగైదు గ్రాముల గ్రంథి. కార్టిసాల్, ఆల్డోస్టెరోన్ అనే హార్మోన్లు తయారయ్యేది అక్కడే. ఆల్డోస్టెరోన్ లేకపోతే ఉప్పు మూత్రంలో పోతుంది, పొటాషియం పేరుకుంటుంది. కార్టిసాల్ తగ్గితే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వాటిని పనిచేయించే ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను ఇంకా ఇంకా పంపుతుంది, అది చర్మంలో రంగును కూడా రెచ్చగొడుతుంది. దీన్ని మొదట వివరించింది లండన్ గైస్ ఆసుపత్రి డాక్టరు థామస్ ఎడిసన్, 1855లో. అందుకే ఎడిసన్స్ డిసీజ్ అంటాం. రెండు గ్రంథులూ దాదాపు తొంభై శాతం పాడయ్యేదాకా జబ్బు స్పష్టంగా బయటపడదు. కాబట్టి మొదటి నెలల్లో చూసిన వాళ్లకు దొరకలేదంటే ఆశ్చర్యం లేదు.

కార్టిసాల్, ఏసీటీహెచ్‌కు రక్తం తీసి పక్కన పెట్టి, రిపోర్టు కోసం ఆగకుండా హైడ్రోకార్టిజోన్ (మందు రూపంలో కార్టిసాల్) 100 మి.గ్రా. నరానికి ఇచ్చాం. ఇక్కడ ఆగకూడదు. అనుమానం తప్పైతే ఒక్క డోసుతో పోయేదేమీ లేదు, నిజమైతే గంటల్లో మనిషి పోతుంది. తర్వాత రోజంతా కలిపి ఇంకో 200, ధారగా సెలైన్. మా ల్యాబ్ నుంచి సోడియం 118, పొటాషియం 6.1 వచ్చాయి, మొదటిది బాగా తక్కువ, రెండోది ఎక్కువ. ఈసీజీ చూసుకుంటూ కూర్చున్నాం. తెల్లారేసరికి పై బీపీ 100 దాటింది. ఆమె టీ అడిగింది. కార్టిసాల్ రిపోర్టు సిటీ నుంచి తర్వాత వచ్చింది, 1.8. అంత కష్టంలో ఉన్న శరీరంలో అది పదిహేను ఇరవై పైన ఉండాలి. ఏసీటీహెచ్ మామూలు కన్నా పది రెట్లకు పైనే ఉంది.

ఇక టీఎస్‌హెచ్ సంగతి. కార్టిసాల్ తక్కువైన శరీరంలో టీఎస్‌హెచ్ కాస్త పెరగడం మామూలే. కార్టిసాల్ అందితే చాలామందిలో దానంతటదే దిగుతుంది. ముందు కార్టిసాల్ ఇవ్వకుండా థైరాక్సిన్ ఇస్తే శరీరం వేగం పెంచుకుంటుంది, మిగిలి ఉన్న కొద్దిపాటి కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చయిపోతుంది. 8.6 అన్న అంకె తప్పు కాదు. ఆ అంకెకు వైద్యం చేయడమే ఆమెను క్యాజువాలిటీకి తెచ్చింది.

ఏనుగు కథలో మనం వదిలేసే భాగం

కొన్ని వారాల తర్వాత మా ఊరి డాక్టర్ల క్లినికల్ మీటింగ్‌లో ఈ కేసు పెట్టాను. మొదటి స్లైడ్‌లో ఏనుగు బొమ్మ పెట్టండి సార్, అంధగజ న్యాయం అంటే అందరికీ టక్కున అర్థమవుతుంది అని ఒక జూనియర్ సలహా. అందరికీ టక్కున అర్థమయ్యే కథల మీద నాకు కొంచెం అనుమానం. వెళ్లి పాత పాఠం చదివాను.

బౌద్ధుల పాళీ గ్రంథం ఉదానంలో ఉంది ఆ కథ. శ్రావస్తిలో రకరకాల శ్రమణులు, బ్రాహ్మణులు లోకం శాశ్వతమా కాదా, జీవుడూ శరీరమూ ఒకటా వేరా అని తగువులాడుకుంటూ, ఒకరినొకరు మాటలతో పొడుచుకుంటూ ఉంటారు. భిక్షకు వెళ్లిన భిక్షువులు అది విని వచ్చి బుద్ధుడికి చెప్తారు. అప్పుడాయన పూర్వం ఇదే ఊళ్లో ఒక రాజు చేసిన పని చెప్తాడు. పుట్టుకతో చూపులేని వాళ్లందరినీ ఒకచోటికి పిలిపించి ఏనుగును చూపించమంటాడు రాజు. తల తాకినవాళ్లు కుండ అంటారు, చెవి తాకినవాళ్లు చేట అంటారు. దంతం నాగటి కర్రు, ఒళ్లు గాదె, కాలు స్తంభం, తోక రోకలి, తోక చివర చీపురు. మాటా మాటా పెరిగి గుద్దుకుంటారు. రాజుకు సంబరం.

మనం చెప్పుకునేటప్పుడు ఒక వివరం జారిపోతుంది. రాజు మనిషి కొందరికి తలే చూపించాడు, కొందరికి చెవే చూపించాడు. వాళ్లు తమంతట తాము వెళ్లి ఒకచోట చెయ్యి పెట్టి అక్కడే ఆగిపోలేదు. ఈ కథ చూపులేని వాళ్లకు అన్యాయం చేస్తుందని నాకు ఎప్పటినుంచో అనిపిస్తుంది. చూపు లేకుండా బతుకుతున్న ఎవరినైనా గమనించండి, కొత్త వస్తువు చేతికిస్తే ఒకచోట తాకి వదిలెయ్యరు, చుట్టూ తడుముతారు. కథలో అలా తడిమే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు.

మన ఓపీ చీటీ చేసే పని అదే. గ్యాస్ట్రో గది ముందు కూర్చున్న మనిషి గ్యాస్ట్రో కష్టాలే చెప్తుంది. చర్మ డాక్టరు గదిలో వాంతుల ఊసెత్తితే ఆయన కసురుకుంటాడేమోనని భయం. లోపల ఉన్న డాక్టరుకు బయట ఇంకో నలభై మంది. "మీరు చూసిన దాంట్లో మీ డయాగ్నోసిస్‌కు లొంగనిది ఏమైనా ఉందా?" అని ఆయన్ను అడిగేవాళ్లు లేరు. అడిగి ఉంటే ఉందనే చెప్పేవాడు. చర్మం చీటీలో "నోటి లోపల కూడా" అని చిన్న అక్షరాలతో రాసి ఉంది. ఆయన చూశాడు. మంగు నోటి లోపలికి రాదు. దాన్ని తీసుకెళ్లి ఇంకొకరి ముందు పెట్టడానికి ఏ దారీ లేదు, అంతే.

జైనులు ఇదే ఏనుగును అనేకాంతవాదం, అంటే సత్యానికి అనేక కోణాలుంటాయనే వాదం, చెప్పడానికి వాడుకున్నారు. వాళ్ల తర్కంలో నాకు పనికొచ్చింది ఒక విభజన. 12వ శతాబ్దపు హేమచంద్రుడి శ్లోకంలో ఉంది, దాని మీద 1292లో మల్లిషేణుడు రాసిన వ్యాఖ్యలో విపులంగా ఉంది. ఒక కోణం నుంచి చూసి చెప్పడం నయం. మిగతా కోణాలను కొట్టిపారేస్తూ ఇదొక్కటే అనడం దుర్నయం. ఇది ఒక కోణం నుంచి మాత్రమే అని తెలిసి చెప్పడం ప్రమాణం. ఆ సంచిలోని నాలుగు డయాగ్నోసిస్‌లూ నయాలు. వాటిలో ఒకటి సోడియం 127ని తనలో కలిపేసుకున్న క్షణాన దుర్నయం వైపు జరిగింది. అందులో అహంకారం లేదు, ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు. కథలో వాళ్లు గుద్దుకున్నారు. మా డాక్టర్లకు ఒకరి పేరు ఒకరికి తెలియదు. గుద్దుకున్నా బాగుండేది అనిపించింది, కనీసం ఒకరి మాట ఒకరు వినేవాళ్లు.

మీటింగ్‌లో ఒక సర్జన్ మిత్రుడు చెయ్యెత్తాడు. "అయితే ఈ కథలో రాజు మీరేనా?"

అందరూ నవ్వారు గానీ ప్రశ్న గట్టిది. ఈ కథలో ఏనుగును పూర్తిగా చూసేవాడు ఒకడు ఉంటేనే మిగతావాళ్లది పాక్షికమని తెలుస్తుంది. ఆ చూసేవాడు ఎవరు, అతని చూపు నమ్మదగిందని ఎవరు చెప్పారు? ఆసుపత్రిలో ఆ కుర్చీ ఖాళీ. నాకు దక్కింది ఆలస్యంగా వచ్చే వాడికి దక్కే సౌకర్యం. గ్యాస్ట్రో డాక్టరు చూసిననాటికి చిగుళ్లు నల్లబడలేదు, బరువు 56. అదే రోగి అదే రోజు నా దగ్గరికి వచ్చి ఉంటే గ్యాస్ట్రైటిస్ అనే రాసేవాడిని. పైగా ఆ రాత్రి నేనొక్కడినే కనిపెట్టిందేమీ లేదు, అత్త చెప్తే విన్నాను, హౌస్ సర్జన్ పరిస్తే చదివాను.

ఆర్‌ఎంపీ ఇంజక్షన్

సంచిలో లేని కాగితం ఒకటి ఉంది. ఆర్‌ఎంపీకి ఫోన్ చేసి, భయపడొద్దు, కేసు పెట్టడానికి కాదు, ఏం ఇంజక్షన్ కలిపేవాడివో చెప్పమన్నాం. డెక్సామెథసోన్. మన పల్లెల్లో ఇది మామూలే. అర్హత లేకుండా ఇవ్వడం తప్పు, స్టెరాయిడ్‌ను టానిక్‌లా వాడటం అంతకన్నా తప్పు. కానీ తొమ్మిది నెలల్లో ఆమెకు పనిచేసిన వైద్యం అదొక్కటే. సెలైన్, స్టెరాయిడ్: మేం క్యాజువాలిటీలో ఇచ్చిందీ దాదాపు అవే. "ఆ బాటిల్ పెడితే రెండు రోజులు బాగుంటుంది" అని భర్త ప్రతి డాక్టరుకూ చెప్పాడట. ఆ మాట ఏ చీటీ మీదా లేదు. ఆర్‌ఎంపీ వైద్యం మాట వినగానే మనకు కోపం వస్తుంది, కోపం వస్తే పెన్ను కదలదు.

ఇక్కడే ఇంకో అనుమానం తీర్చుకోవాల్సి వచ్చింది. ఆ ఇంజక్షన్ల వల్లే గ్రంథులు మొద్దుబారాయేమో? స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడితే అలా జరుగుతుంది, మా ప్రాంతంలో అలాంటి కేసులు ఇంతకన్నా ఎక్కువ. కానీ అందులో ఏసీటీహెచ్ తగ్గుతుంది, చర్మం నల్లబడదు, ఆల్డోస్టెరోన్ బాగానే ఉంటుంది కాబట్టి పొటాషియం పెరగదు. ఈమెలో మూడూ తలకిందులు. జబ్బు గ్రంథిలోనే ఉంది.

ఏనుగు దొరికాక

సీటీ స్కాన్‌లో రెండు ఎడ్రినళ్లూ ఉబ్బి, అక్కడక్కడ కాల్షియం చుక్కలతో కనిపించాయి. ఎడిసన్ కాలంలో ఈ జబ్బుకు పెద్ద కారణం క్షయ. మన దేశంలో ఇప్పటికీ దాన్ని ముందు వరసలోనే ఉంచాలి. హిస్టోప్లాస్మా అనే ఫంగస్ కూడా అచ్చం ఇలాగే చేస్తుంది కాబట్టి ఊహతో మందులు మొదలుపెట్టకుండా పెద్ద ఆసుపత్రికి పంపి బయాప్సీ చేయించాం. టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్ష పాజిటివ్, ఫంగస్ లేదు. ప్రభుత్వ కార్యక్రమం కింద ఉచితంగా టీబీ మందులు మొదలయ్యాయి.

టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది. అది కాలేయంలో హైడ్రోకార్టిజోన్‌ను త్వరగా కరిగించేస్తుంది. మామూలుగా రోజుకు 15 నుంచి 25 మి.గ్రా. సరిపోయే మనిషికి అప్పుడు రెట్టింపో ఇంకా ఎక్కువో కావాలి. టీబీ సెంటర్‌లో మందులిచ్చే ఉద్యోగికి ఇది తెలిసే అవకాశం లేదు. తెలియకుండా మొదలుపెడితే థైరాక్సిన్ కథ మళ్లీ మొదటికొచ్చేది. మొదటి డోసు పడకముందే సెంటర్‌కు వెళ్లి మాట్లాడి, హైడ్రోకార్టిజోన్ పెంచాం.

మూడు నెలలకు బరువు 50, ఉప్పు యావ పోయింది, అరచేతి గీతలు తేటపడుతున్నాయి. ఒక్కటి మాత్రం లొంగలేదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ, ఏడుపు. అంతకుముందంతా కార్టిసాల్ లోపమే డిప్రెషన్‌లా కనిపించిందని మా వార్డులో ఖాయం చేసేసుకున్నారు. అంత చక్కగా అన్నీ అతికాక ఒక్క ముక్క మిగిలిపోతే ఎవరికైనా చిరాకే. డోసు ఇంకాస్త పెంచుదామా సార్ అన్నారు జూనియర్లు. వద్దన్నాను. నిలబెట్టి చూసిన బీపీ బాగుంది, సోడియం బాగుంది, పెంచడానికి కారణం లేదు.

సైకియాట్రిస్ట్‌కు ఫోన్ చేశాను. ఆయన తన మొదటి చీటీ వెనక వైపు చూడమన్నారు. ఉంది. ముందటి ఏడు ఆమె తమ్ముడు పోయాడు. కౌలుకు తీసుకున్న మిరప చేను నల్లతామర పురుగుతో పోయి అప్పు మిగిలింది. జబ్బు మొదలవకముందు నుంచే నిద్ర లేదు. డిప్రెషన్ డిప్రెషనే, ఎడిసన్స్ ఎడిసన్సే, రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. ఈసారి సోడియం మీద ప్రభావం తక్కువగా ఉండే మిర్టాజపిన్ రాశారు. రిఫాంపిసిన్ దాన్నీ తగ్గిస్తుందని నేను గుర్తుచేస్తే, డోసు దానికి తగ్గట్టు చూసుకుంటానన్నారు. తమ్ముడి గురించి ఆమెతో కూర్చుని మాట్లాడింది కూడా ఆయనే. ఈ కేసు మొత్తంలో నాకు ఎక్కువ ఉపయోగపడింది ఆ ఫోన్ కాల్. ముక్కలు అతికించి ఏనుగును నిలబెట్టాం అనుకున్న వాళ్లకే దుర్నయం సులువుగా పడుతుంది. అన్నీ ఒక్కదాంట్లో ఇమిడాయన్న తృప్తి ముందు, ఇమడని ముక్క అబద్ధంలా కనిపిస్తుంది.

ఇప్పుడు

ఆమె పర్సులో తెలుగులో రాసిన కార్డు ఉంటుంది: జబ్బు పేరు, మందు, జ్వరమొస్తే డోసు రెట్టింపు, వాంతులైతే వెంటనే హైడ్రోకార్టిజోన్ 100 మి.గ్రా. ఇంజక్షన్. ఇంట్లో రెండు వయల్స్ ఉన్నాయి, కండకు ఎలా ఇవ్వాలో భర్త నేర్చుకున్నాడు. టీబీ తగ్గినా గ్రంథులు కోలుకోవడం చాలా అరుదు, మందు జీవితాంతం. ఆర్‌ఎంపీకి కూడా చెప్పాం, డెక్సా బాటిల్ పెట్టొద్దు, ఫోన్ చెయ్ అని. ఒకసారి చేశాడు కూడా.

మా వార్డులో పాత కాగితాలన్నీ ఇప్పుడు తేదీల వారీగా కుట్టి ఫైలు ముందు పెడుతున్నారు. మొదటి పేజీలో "ఈ డయాగ్నోసిస్‌కు లొంగనివి" అని ఒక గడి ఉంది. చాలామంది "ఏమీ లేవు" అని రాసేస్తారు. అలా రాసిన ఫైళ్లను నేను రౌండ్స్‌లో ముందు చూస్తాను, దాంతో జూనియర్లకు కొంచెం టెన్షన్.

మొన్నటి చెకప్‌లో నిలబడి బీపీ 106/70, సోడియం 138, పొటాషియం 4.4. థైరాక్సిన్ ఎప్పుడో ఆపేశాం, టీఎస్‌హెచ్ 3.1. మంగు క్రీమ్ బుగ్గలకు రాస్తూనే ఉంది, బుగ్గల మీద మచ్చలు పూర్తిగా పోలేదు మరి. గ్యాస్ట్రిక్ మాత్ర మానెయ్యమ్మా అంటే ఒప్పుకోలేదు. "ఫొటోలో ఎర్రగా ఉందని మీరే అన్నారు కదండీ" అంది.